అమ్మ చేతిలోని దవాఖాన కవరు

ఎల్లారెడ్డిపేట బస్టాండులో తెల్లవారుజామున ఒక తల్లి, పదహారేళ్ల కొడుకు బస్సు కోసం నిలబడ్డారనుకుందాం. సిరిసిల్ల మీదుగా, సిద్దిపేట దాటి హైదరాబాద్ పోవాలి. 150 కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. తల్లి చేతిలో బట్టల షాపువాళ్లు ఇచ్చిన కవరు. అందులో ఏడేళ్ల ఓపీ చీట్లు, రక్తపరీక్షల కాగితాలు, చుట్ట చుట్టుకుపోయిన ఎక్స్‌రేలు, సగం వాడి ఆపేసిన గోలీల పట్టీలు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆ తల్లికి ఆర్టీసీ బస్సులో ఛార్జీ లేదు, కొడుక్కి మాత్రం టికెట్ కొట్టాలి. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టే ముందు పిల్లవాడు ఒక క్షణం ఆగి, కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కున్నాడు. పొద్దుపొద్దున అతని మోకాళ్లు వంగవు. ఎండెక్కితే గాని దారికి రావు.

పదకొండు గంటలకు డాక్టరు గది. "ఎట్లున్నవ్ బాబూ?" అని డాక్టరు అడిగితే తల్లి చెబుతుంది: "పొద్దుగాల లేస్తే పట్టేస్తున్నయ్ సార్, పగటీలికి జర నయమైతది." గోలీ ఏ వారం వేసుకుంటున్నావంటే "ఐతారం సార్" అనేదీ ఆమే. మధ్యలో ఎప్పుడన్నా మానేశావా అని అడిగినప్పుడు కొడుకు తల్లి మొహం చూస్తాడు. తల్లి "లేదు సార్" అంటుంది. ఐదు నిమిషాల్లో చీటీ రాయడం అయిపోతుంది. బయట ఇంకా అరవై మంది ఉన్నారు. పిల్లవాడు గదిలోకి వచ్చాడు, పోయాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంకో రెండేళ్లకు అతనికి పద్దెనిమిది. ఆ తర్వాత ఆ కవరు ఎవరు పట్టుకుంటారు?

పిల్లలకు కీళ్లవాతమేమిటని చదువుకున్నవాళ్లూ ఆశ్చర్యపోతారు. మన ఊళ్లలో వాతమంటే ముసలివాళ్ల జబ్బు. పిల్ల కుంటుతుంటే "ఎదిగే నొప్పులు" అంటారు, కింద పడి ఉంటుందంటారు. ముందు ఆర్‌ఎంపీ సూది వేస్తాడు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తర్వాత సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో బొక్కల డాక్టరు. అక్కడినుంచి హైదరాబాద్. పదహారేళ్లలోపు మొదలై, ఆరు వారాలకు మించి ఉండి, వేరే కారణమేదీ దొరకని కీళ్లవాపును వైద్యులు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. ఇందులో ఏడు రకాలున్నాయి. మన దేశంలో మగపిల్లల్లో తరచూ కనిపించేది మడిమల దగ్గర, మోకాళ్లలో మొదలై మెల్లగా నడుముకు పాకే రకం. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు ఆ మడిమ నొప్పిని గ్రౌండు నొప్పే అనుకుని ఏళ్లకేళ్లు మోస్తారు. చిన్న ఆడపిల్లల్లో ఎక్కువగా వచ్చే ఇంకో రకంలో కీళ్లతోపాటు కన్ను కూడా దెబ్బతింటుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. స్లిట్ ల్యాంప్ అనే యంత్రం కింద పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇవి గాక లూపస్, కండరాల వాపు జబ్బులు, రక్తనాళాల వాపు జబ్బులు ఉన్నాయి. అన్నింటి పోలికా ఒక్కటే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒంటిమీదికే తిరగబడుతుంది.

వీటిలో చాలావాటికి ఇప్పుడు మంచి మందులున్నాయి. ముప్పై ఏళ్ల కింద వీల్‌చైర్‌లో కూర్చోవాల్సిన పిల్లలు ఇవాళ డిగ్రీలు చదువుతున్నారు. కానీ చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికి అది పెద్దయ్యాక కూడా ఏదో ఒక మేరకు వెంట ఉంటుంది. లూపస్ అయితే జీవితకాలం. అంటే ఎదిగేకొద్దీ పోయే జబ్బు కాదిది, పిల్లతోపాటు ఎదిగేది. తల్లిదండ్రులకు ఈ మాట ఎవరూ తిన్నగా చెప్పరు. "పెద్దయితే పోతదా సార్?" అని అడిగిన ప్రతి తల్లికీ "చూద్దామమ్మా" అనే జవాబే వస్తుంది.

పడమటి దేశాలు ఈ సంగతిని ముప్పై ఏళ్లుగా పట్టించుకుంటున్నాయి. అక్కడ పిల్లల ఆస్పత్రి వేరు, పెద్దల ఆస్పత్రి వేరు. పద్దెనిమిది నిండగానే పిల్లను ఒక గుమ్మంలోంచి పంపించి ఇంకో గుమ్మం చూపిస్తారు. ఆ రెండు గుమ్మాల నడుమ పిల్లలు జారిపోతున్నారని లెక్కలు తేల్చాయి. కెనడాలోని మాంట్రియల్‌లో కీళ్లవాతపు యువకులను గమనించిన బృందం 2010లో చెప్పిందేమంటే, పెద్దల వైద్యానికి పంపినవాళ్లలో సగానికి పైగా రెండేళ్లకు కీళ్లవాత వైద్యుల దగ్గరికి రావడం లేదు. అంతకుముందే బ్రిటన్‌లో జానెట్ మెక్‌డొనా అనే వైద్యురాలి బృందం పది కేంద్రాల్లో 308 మంది పిల్లలతో ఒక పద్ధతి నడిపి చూసింది. పదకొండు, పద్నాలుగు, పదిహేడేళ్ల వయసుల్లో పిల్లలను కూర్చోబెట్టి, వాళ్ల జబ్బు గురించి వాళ్లకే నేర్పింది. ప్రతి కేంద్రంలో ఆ పనికి ఒక మనిషిని పెట్టింది. పిల్లల తెలివిడి పెరిగింది, బతుకు నాణ్యత మెరుగుపడింది. ఆ తర్వాత యూరప్ కీళ్లవాత వైద్యుల సంఘాలు, పెద్దలదీ పిల్లలదీ, కలిసి 12 సిఫారసులు చేశాయి. వాటిలో ముఖ్యమైనది, ఈ సన్నాహం పదకొండో ఏటనే మొదలవ్వాలి, ఎంత ఆలస్యమైనా పద్నాలుగు దాటకూడదు అన్నది.

దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన దగ్గర నాటితే మొలవదు. మన దగ్గర పిల్లల కీళ్లవాతానికే శిక్షణ పొందిన వైద్యులు చాలా తక్కువ మంది. చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల అందుకు ప్రత్యేకమైన చదువు ఉంది. తెలంగాణ పిల్లవాడు చాలాసార్లు చేరేది నేరుగా పెద్దల కీళ్లవాత నిపుణుడి దగ్గరికే. పంజాగుట్ట నిమ్స్ రుమటాలజీ ఓపీలో అరవై ఏళ్ల అవ్వ పక్క బెంచీ మీద పదేళ్ల పిల్ల కూర్చోవడం వింత కాదు. కాబట్టి ఇక్కడ పిల్లవాడికి పద్దెనిమిది నిండినా డాక్టరు మారడు, గది మారదు. గుమ్మం మారదు కాబట్టి మారాల్సిందేమీ లేదని అందరూ అనుకుంటారు. అసలు చిక్కు అక్కడుంది. మన పిల్లలకు కావలసిన బదిలీ ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి జరిగేది కాదు. అమ్మ చేతిలోంచి పిల్ల చేతిలోకి జరిగేది. దానికి తేదీ లేదు, రిజిస్టర్ లేదు, చేయించేవాళ్లు లేరు.

సర్కారు కార్యక్రమాలు ఈ వయసును ఎలా చూస్తున్నాయో చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షిస్తుంది. దాని జాబితాలో 30 రకాల లోపాలు, జబ్బులు ఉన్నాయి. రుమాటిక్ గుండెజబ్బు ఉంది, కీళ్లవాతం లేదు. 2014లో వచ్చిన కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవాళ్లది. పోషణ, మానసిక ఆరోగ్యం, మత్తు, హింస, ఇలా ఆరు అంశాలు దాని పరిధి. మంచివే. ఆ తర్వాత బీపీ, షుగర్ పరీక్షలు పెట్టే కార్యక్రమం ముప్పై ఏళ్లు నిండినవాళ్లతో మొదలవుతుంది. పంతొమ్మిదికీ ముప్పైకీ నడుమ పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో దీర్ఘరోగం ఉన్న యువతీయువకుల పేరు ఏ ఆరోగ్య కార్యకర్త పుస్తకంలోనూ ఉండదు, టీబీయో గర్భమో వస్తే తప్ప. జబ్బుతో బతకడం సొంతంగా నేర్చుకోవాల్సిన ఈడు సరిగ్గా అదే.

ఎల్లారెడ్డిపేట ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాకు ఇందులో ఒక ప్రత్యేకత కూడా ఉంది. 2022 మార్చి 5న రాష్ట్రం ఆరోగ్య రికార్డుల పైలట్‌ను ములుగులో, ఈ జిల్లాలో మొదలుపెట్టింది. ఇంటింటికీ తిరిగి మనుషుల ఎత్తు, బరువు, బీపీ, రక్తపరీక్షలు నమోదు చేశారు. కానీ 18 దాటినవాళ్లకే. ఎల్లారెడ్డిపేటలో తాతకు ఆరోగ్య రికార్డు వచ్చింది, మనవడి ఏడేళ్ల కాగితాలు బట్టల షాపు కవరులోనే ఉన్నాయి. 2021 సెప్టెంబర్‌లో కేంద్రం తెచ్చిన 14 అంకెల ఆభా నంబరు పిల్లలకూ తీసుకోవచ్చు. తీసుకున్నా అందులో పాత చీట్లు వాటంతటవి ఎక్కవు.

రుమాటిక్ గుండెజబ్బు సంగతి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దాన్నీ కీళ్లవాతాన్నీ ఒకే గాటన కడతారు. గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంలో కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది. గుండె దెబ్బతినకపోతే యవ్వనం దాకా, దెబ్బతింటే పాతికేళ్లదాకా, బాగా దెబ్బతింటే ఇంకా ముందుకు. దానికి ఒక లెక్క ఉంది, ఒక ముగింపు ఉంది. ఇబ్బంది ఏమంటే, ఏఎస్ఓ అనే రక్తపరీక్ష కొంచెం ఎక్కువ వచ్చిందని కీళ్లవాతపు పిల్లలకు కూడా ఏళ్ల తరబడి ఆ సూదులే పొడిచిన చరిత్ర మన దేశంలో చాలా ఉంది. ఆ పిల్లలు సరైన డాక్టరు దగ్గరికి చేరేసరికి కీళ్లు వంకర తిరిగి ఉంటాయి, "సూదులు మొత్తం వేయించినం సార్" అనే తల్లిమాట కూడా వెంట వస్తుంది.

అమ్మ చేతిలోని ఆ కవరుకు పిల్లలు దూరమయ్యేది ఇల్లు దాటినప్పుడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు పిల్లలు ఇల్లు దాటే దారులు ప్రధానంగా మూడు. ఒకటి హాస్టల్. గురుకులాలు ఐదో తరగతి నుంచే పిల్లలను తీసుకుంటాయి కాబట్టి పదేళ్ల పిల్ల కూడా అమ్మ లేకుండా గోలీ వేసుకోవాల్సి వస్తుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుంటే విషం. నోట్లో పుళ్లు లేస్తాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క ముక్క హాస్టల్ నర్సుకు, వార్డెన్‌కు, పిల్లకు ముగ్గురికీ తెలియాలి. ఇంజెక్షన్ రకం మందులైతే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. హాస్టల్‌లో ఫ్రిజ్ ఉండేది వార్డెన్ గదిలోనో కిచెన్‌లోనో. అడగాలి. అడగాలంటే "నాకు ఈ జబ్బు ఉంది" అని చెప్పుకోవాలి. పద్నాలుగేళ్ల ఆడపిల్ల స్టెరాయిడ్ వల్ల ఉబ్బిన మొహంతో, మొటిమలతో ఆ మాట చెప్పుకోవడమంటే ఏమిటో ఊహించండి. అందుకే కొందరు గుట్టుగా స్టెరాయిడ్ గోలీలు ఆపేస్తారు. మొహం తగ్గుతుంది, సంతోషం. కానీ ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ఒంట్లో ఆ పని చేసే గ్రంథి అప్పటికి నిద్రపోయి ఉంటుంది. బీపీ పడిపోయి పిల్ల కుప్పకూలవచ్చు. ఈ సంగతి ఎవరైనా ఆ పిల్లకు, ఆమె మొహం వైపు తిరిగి చెప్పారా?

రెండో దారి పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. నిండాక వెంటనే అయ్యేవి ఇంకెన్నో. సంబంధం మాట్లాడేటప్పుడు జబ్బు మాట రాదు. "చెప్తే ఎవడు చేసుకుంటడు?" అన్నదే ఇంటింటి సూత్రం. నేను ఆ తల్లిదండ్రులను తప్పుబట్టను, ఊళ్లో ఆ మాట ఎంత వేగంగా తిరుగుతుందో వాళ్లకు తెలుసు. కానీ ఫలితం ఏమవుతుంది? కవరు పుట్టింట్లో బీరువా మీద ఉండిపోతుంది. అత్తారింట్లో గోలీలు దాచుకుని వేసుకోవాలి, లేదా మానేయాలి. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం వస్తే అబార్షన్ కావచ్చు, పుట్టే బిడ్డకు లోపాలు రావచ్చు. నెలల ముందే ఆపి, వేరే మందుకు మారాలి. లూపస్ ఉన్నామె కనీసం ఆరు నెలలు జబ్బు నెమ్మదిగా ఉన్నాక గర్భం దాల్చితే చాలావరకు క్షేమం. ఆ సమయంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకూడదు, వాడుతూనే ఉండాలి. కొత్తకోడలు కడుపుతో ఉందనగానే అత్తగారు "ఈ గోలీలన్నీ బంద్ చెయ్ బిడ్డా" అంటుంది, ప్రేమతోనే. ఏది బంద్ చేయాలో ఏది చేయకూడదో ఆ ఇంట్లో తెలిసినవాళ్లు ఎవరు? తెలిసి ఉండాల్సింది ఆ అమ్మాయికే. ఇది చెప్పడానికి పెళ్లికి ముందు రోజు సరిపోదు. పదిహేనో ఏటనే డాక్టరో నర్సో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టాలి.

ఇక మూడోది గల్ఫ్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో పాస్‌పోర్టు లేని ఇల్లు వెతుక్కోవాలి. గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ చేస్తారన్న భయంతో జబ్బు దాస్తారు. దాచి పోయాక అక్కడ చూపించుకోలేరు, ఎందుకంటే చూపించుకుంటే కంపెనీకి తెలుస్తుంది. నెలకు సరిపడా గోలీలు తీసుకెళ్తారు, అయిపోయాక నొప్పి గోలీలతో నెట్టుకొస్తారు. ఇక్కడ నొప్పికి వాడే ట్రమడాల్‌ను ముందస్తు అనుమతి లేకుండా యూఏఈ విమానాశ్రయంలో తీసుకుని దిగితే కేసు అవుతుందని చాలామందికి తెలియదు. ఆ ఎడారి ఎండలో రాడ్లు మోసే పనికి పోయిన పాతికేళ్ల మనిషి నడుం పట్టేసి తిరిగొచ్చేసరికి వెన్నుపూసలు అతుక్కుని ఉంటాయి. అతని పన్నెండో ఏట మడిమ నొప్పి అన్నదీ అదే జబ్బు. మధ్యలో పదమూడేళ్లు ఎటు పోయాయో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

ఊళ్లోనే ఉండిపోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు. మరమగ్గాల మీద నిలబడే మగపిల్లలు, తల్లి పక్కన కూర్చుని చేటలో బీడీలు చుట్టే ఆడపిల్లలు. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టడం వేళ్ల పని. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకుపోయిన పిల్లకు ఆ పని మధ్యాహ్నం గాని సాగదు. వెయ్యి బీడీల లెక్క మీద బతికే ఇంట్లో మధ్యాహ్నం దాకా కూర్చోవడాన్ని బద్ధకం అంటారు. దివ్యాంగుల సర్టిఫికెట్‌కు క్యాంపుకు పోతే అక్కడ చూసేది ఆ పూట కీలు ఎంత వంగుతుందో. ఈ జబ్బులో పొద్దుటి కీలు వేరు, మధ్యాహ్నపు కీలు వేరు. సర్టిఫికెట్‌కు కావలసిన 40 శాతం వైకల్యం రాదు. అయితే రాయడం కష్టమైన విద్యార్థికి 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో తేల్చింది. దాని మీద కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇంటర్ చదివే పిల్లకు ఈ సంగతి తెలిస్తే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాసుకోగలదు. తల్లికి తెలియదు, డాక్టరుకు తీరికలేదు.

డబ్బు లేక ఇదంతా ఆగిపోయిందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. ఖరీదైన ఇంజెక్షన్ మందుల సంగతి వేరు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే వైద్యానికి. కీళ్లవాతపు పిల్లలకు కావాల్సింది నెలనెలా ఓపీ మందులు, రక్తపరీక్షలు. ఆ రక్తపరీక్షల దగ్గర మన దగ్గర ఉన్నదాన్నే మనం వాడుకోవడం లేదు. 2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు 19 జిల్లాల్లో తెరిచారు, వాటిలో సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ ఉన్నాయి. పీహెచ్‌సీలో రక్తం తీసుకుంటారు, బండి వచ్చి పట్టుకుపోతుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది, పైసా ఖర్చు లేదు. మెథోట్రెక్సేట్ వాడే పిల్లకు రెండు మూడు నెలలకోసారి చూడాల్సింది రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు. అవన్నీ ఎల్లారెడ్డిపేటలోనే అయ్యే పరీక్షలు. వాటికోసం 150 కిలోమీటర్లు పోయి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, బయటి ల్యాబులో డబ్బు కట్టడం ఎందుకు? ఎందుకంటే హైదరాబాద్ డాక్టరు చీటీ మీద "ఈ పరీక్షలు మీ పీహెచ్‌సీలో చేయించుకోవచ్చు" అని ఎవరూ రాయరు, పీహెచ్‌సీలో "ఈ మందుకు ఈ పరీక్షలు" అని ఎవరికీ చెప్పి ఉండరు.

ఇక్కడే పదహారేళ్ల కుర్రాడి పని మొదలు కావచ్చు. రిపోర్టు అతని ఫోన్‌కు రావాలి. అతనే తెరిచి చూడాలి. కాలేయం అంకె ఎక్కువగా ఉంటే గోలీ వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలన్నది అతనికి తెలియాలి. జ్వరం వస్తే ఏం చేయాలి, చికెన్‌పాక్స్ వచ్చిన పిల్లల దగ్గరికి పోవచ్చా, ఆర్‌ఎంపీ "మంచి సూది" వేస్తానంటే ఏమని చెప్పాలి, ఇవన్నీ ఒక్కరోజులో కాక, ఒక్కో విజిట్‌లో ఒక్కోటి నేర్పే విషయాలు. ఇంజెక్షన్ తనకు తాను పొడుచుకోవడం మాత్రం చేతితో నేర్పాల్సిన పని. నర్సు పక్కన కూర్చుంటే అరగంటలో వస్తుంది.

సిరిసిల్లకు 2023లో, జగిత్యాలకు అంతకు ముందటేడు సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే పిల్లల వైద్య విభాగం, జనరల్ మెడిసిన్ విభాగం ఒకే కాంపౌండులో ఉన్నాయి. కీళ్లవాత నిపుణుడు ఇప్పట్లో అక్కడికి రాడు, వస్తాడని ఆశపెట్టడం అబద్ధమవుతుంది. కానీ నెలకు ఒక మధ్యాహ్నం ఆ రెండు విభాగాలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇ-సంజీవని లాంటి వీడియో మీద హైదరాబాద్ నిపుణుణ్ని కలుపుకుని, పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి లోపు దీర్ఘరోగం ఉన్న పిల్లలను చూడొచ్చు. కీళ్లవాతం ఒక్కదానికే అక్కర్లేదు. మూర్ఛ ఉన్న పిల్లలు, టైప్ వన్ షుగర్ పిల్లలు, గుండెజబ్బు పిల్లలు, వీళ్లందరిదీ అదే అవస్థ. ఆర్‌బీఎస్‌కే బృందం పద్దెనిమిది నిండుతున్న పిల్లల జాబితా ఇస్తే ఈ పని పట్టాలెక్కుతుంది. టీబీ రోగికి నిక్షయ్ నంబరు ఇచ్చి ఇంటికెళ్లి వెతికే వ్యవస్థ మనదే. బోదకాలు ఉన్నవాళ్లను ఊరూరా లెక్కగట్టి పింఛను ఇచ్చిన రాష్ట్రం కూడా మనదే. లెక్కపెట్టడం మనకు చేతకాదనడానికి వీల్లేదు.

చివరికి మిగిలేది తల్లి. ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే కష్టమైన పాత్ర ఆమెది. ఏడేళ్లు ఆమెకు ఆ కవరే చదువు, అందులో ఏ కాగితం ఎక్కడుందో చీకట్లోనూ తీయగలదు. "అమ్మా, మీరు పది నిమిషాలు బయట కూర్చోండి, బాబుతో మాట్లాడతాను" అని డాక్టరు అంటే ఆమెకు చివుక్కుమంటుంది. మా పిల్లగాడు నాకు దాచిపెట్టేదేముంది అంటుంది. దాచిపెట్టేది ఉంది. దసరాకు స్నేహితులతో కల్లు తాగాడా, తాగుతున్నాడా అన్నది ఆమె ముందు చెప్పడు. మెథోట్రెక్సేట్ వాడే మనిషి కాలేయానికి ఆ జవాబు చాలా ముఖ్యం. నొప్పి భరించలేక చచ్చిపోవాలనిపించిందా అన్నదీ ఆమె ముందు చెప్పడు. అమ్మాయైతే నెలసరి, పెళ్లి మాట, భయం. ఆ పది నిమిషాల తర్వాత తల్లిని లోపలికి పిలిచి, ఏం మాట్లాడుకున్నారో పిల్లవాడి నోటితోనే చెప్పించవచ్చు. తెలిసిన నర్సు ఉంటే ఆ పది నిమిషాలు బయట తల్లితో కూర్చోవచ్చు, ఆమె చెప్పుకోవాల్సినవీ చాలా ఉంటాయి. కిక్కిరిసిన ఓపీలో పది నిమిషాలు ఎక్కడివంటారు. నిజమే, ప్రతిసారీ దొరకవు. ఏడాదికి ఒక్కసారి, పిల్ల పుట్టినరోజు నెలలో, అలా దొరకబుచ్చుకోవచ్చు.

ఓపీ చీటీ మీద పేరు కింద ఫోన్ నంబరు అని ఒక గడి ఉంటుంది. ఏడేళ్ల కింద మొదటిసారి రాయించినప్పుడు అందులో తండ్రి నంబరు ఇచ్చారు. తండ్రి దుబాయ్‌లో ఉన్నాడు. తర్వాతి తేదీ మెసేజ్ అక్కడ మోగుతుంది, పని వేళల్లో. ఈసారి బస్సు దిగి కౌంటర్ దగ్గరికి పోయినప్పుడు ఆ నంబరు మార్చాలి. లైన్లో తల్లి పక్కకు జరిగి నిలబడి, కొడుకుని ముందుకు పంపి, కవరు అతని చేతికిచ్చి, "నీ నంబర్ చెప్పు బిడ్డా" అంటే చాలు.